అవ్వ చేసిన పాపమేమిటి?

రోగి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని పూర్వజన్మ గురించి మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్లలో, సర్జికల్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా గడిపినదాన్ని. చూడ్డానికి వచ్చే చుట్టాలు బత్తాయిలు, రొట్టె తెస్తారు. వాటితోపాటు ఈ మాటా తెస్తారు: "ఏ జన్మలో ఏం జేసిందో పాపం, ఇప్పుడు అనుభవిస్తా ఉంది." జాలిపడే అంటారు, కాదనను. కానీ అది చెవిన పడ్డాక రోగి గోడవైపు తిరిగి పడుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఈ మాటకు ఆధారమేదంటే పెద్దవాళ్లు ఒక శ్లోకం చదువుతారు. పూర్వజన్మలో చేసిన పాపమే ఈ జన్మలో వ్యాధి రూపంలో పీడిస్తుందని దాని మొదటి సగానికి అర్థం. మాది కదిరి. నరసింహస్వామి గుడి గంట వినబడే ఇల్లు. తెల్లవారకముందే లేచి పారాయణం చేసుకునే మా నాయనకు ఆ శ్లోకం నోటికొచ్చు. అయితే ఆయన ఏనాడూ సగంలో ఆపలేదు. ఆ బాధ ఎలా శాంతిస్తుందో రెండో సగం చెబుతుంది: ఔషధం, దానం, జపం, హోమం, దేవతార్చన. "వరస చూసినావా పాపా, మందు మొట్టమొదట ఉంది" అనేవాడు. నేను నర్సు ట్రైనింగుకు పోతానన్నప్పుడు మా ఇంటి పెద్దలు అడ్డం పడితే నాయన వాళ్లకు చెప్పిన జవాబు కూడా ఆ రెండో సగమే. లోకం మాత్రం మొదటి సగాన్నే గట్టిగా పట్టుకుంది. అందులో ఖర్చు లేదు కదా మరి.

రోగానికీ పాపానికీ ఉన్న లెక్క తేల్చుకోవాలనుకునేవాళ్లకు నేనొక రోగం చూపిస్తాను. మా సీమకు బాగా ఎరిగిన రోగమే. కాలేయంలో నీటి తిత్తి. డాక్టర్లు హైడాటిడ్ సిస్టు అంటారు. కర్నూలు డాక్టర్లు 1968లోనే తమ ప్రాంతంలో ఈ జబ్బు ఎలా వ్యాపిస్తోందో పరిశీలించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. ఎందుకు ఇక్కడ ఎక్కువంటే కారణం కళ్లముందే ఉంది. వాన నమ్ముకోలేని నేల. వేరుశనగ వేస్తే ఒక ఏడు గింజ, మూడేళ్లు కట్టె. తలుపుల, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట దిక్కు పల్లెల్లో కరువు కాలానికి ఆదుకునేది జీవాలే. గొర్రెలున్నచోట కాపలా కుక్క ఉంటుంది. గొర్రె, కుక్క, మనిషి ఒకే చెట్టు నీడన పడుకునేచోట ఈ జబ్బు ఉంటుంది.

తలుపుల దిక్కునుంచి ఒక అవ్వ వచ్చింది. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ గొర్రెలవాళ్లవే. కుడి పక్కటెముకల కింద బరువు, తిన్నది ఇమడదు, చెయ్యి పెడితే గట్టిగా తగులుతుంది. చాన్నాళ్లు గ్యాసనుకుంది. స్కానింగులో తేలింది: కాలేయం కుడిభాగంలో 12 సెంటీమీటర్ల తిత్తి, దాని లోపల చిన్నచిన్న పిల్ల తిత్తులు. ఆపరేషన్‌కు ముందు ఆల్బెండజోల్ మాత్రలు మొదలుపెట్టారు. నూనె, నెయ్యి ఉన్న తిండితో వేసుకుంటేనే ఆ మాత్ర ఒంటికి బాగా పడుతుంది. ఆ సంగతి చెప్పబోతే అవ్వ వినకుండా నా చెయ్యి పట్టుకుంది.

"నేనేం పాపం జేసినా సిస్టరమ్మా? మా వదిన అంటాంది, జీవాల ఉసురు తగిలిందంట నాకు. కసాయోళ్లకు అమ్మి బతికినాము గదా."

ఉసురు మా పక్క చిన్న మాట కాదు. నోరులేని జీవాన్ని ఏడిపిస్తే దాని ఊపిరి తిరిగొచ్చి తగులుతుందన్న నమ్మకం మంచిదే. ఎందరి చేతుల్నో అది ఆపి ఉంటుంది. కానీ ఈ జబ్బు విషయంలో వదినగారి లెక్క తప్పు. గొర్రెనుంచి మనిషికి ఈ తిత్తి రాదు. బుడ్డలున్న కార్జం పొరపాటున తిన్నా రాదు. మధ్యలో కుక్క ఉండాలి.

జరిగేదిది. కుక్క పేగుల్లో ఒక బద్దెపురుగు ఉంటుంది. పొడవు అర సెంటీమీటరు ఉంటే గొప్ప. వందలూ వేలూ ఉన్నా కుక్కకు ఏమీ కాదు, హాయిగా తోక ఊపుకుంటూ తిరుగుతుంది. పురుగు గుడ్లు కుక్క మలంతో బయట పడతాయి. కంటికి కనబడవు. పచ్చికతోపాటు గొర్రె నోట్లోకి పోతాయి. పేగునుంచి రక్తంలో కలిసి కాలేయం చేరి అక్కడ నీటి తిత్తిగా పెరుగుతాయి. ఆ గొర్రెను కోసినప్పుడు బుడ్డలున్న కార్జాన్ని మనం తినం. పక్కకు విసిరేస్తాం. కుక్క తింటుంది. మళ్లీ పురుగు. గొర్రె, కుక్క, గొర్రె, కుక్క. ఇందులో మనిషి లేడు. కుక్క ఒళ్లు నిమిరిన చేత్తోనో, కడగని ఆకుకూరతోనో, కుంట నీళ్లతోనో గుడ్డు మన నోట్లో పడితే అది దారి తప్పినట్టే. మన కాలేయాన్ని కుక్క తినదు కాబట్టి ఆ పురుగు వంశం మనలో ఆగిపోతుంది. మనల్ని బాధపెట్టి అది బాగుపడేదేమీ లేదు. మాంసం ముట్టని ఇళ్లలోనూ ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. ఉసురే అయితే వాళ్లకు తగలకూడదు మరి.

ఇంకో సంగతి. తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగేవీ ఉంటాయి, సెంటీమీటర్లు పెరిగేవీ ఉంటాయి. చిన్నతనంలో మింగిన గుడ్డు యాభయ్యో యేట బయటపడొచ్చు. చేసిన పని ఎప్పుడో మరిచిపోయాక ఫలం చేతికొస్తుంది. అవ్వకు నిజంగానే ఒక పూర్వజన్మ ఉంది. గొర్రెపిల్లల మధ్య కుక్కపిల్లను చంకన వేసుకుని తిరిగిన ఏడేళ్ల పిల్ల అది. ఆ పిల్ల చేసిన పాపమేమిటో నాకు చెప్పండి.

నేను కుక్క సంగతి చెబితే అవ్వకు నల్లోడు గుర్తొచ్చాడు. ఒక్కటి పోతే ఇంకొకటి, ఆమె జీవితంలో నల్లోళ్లు చాలామందే ఉన్నారు. "జీవాన్ని కోసినప్పుడల్లా దాని వాటా దానికి ఏస్తాంటి. బుడ్డలుండేది మాకెందుకు, నల్లోడు తింటాడులే అని ముందుగానే తీసి పెడతాంటి. నోరులేనిదానికి పెడితే పుణ్యమంటారే సిస్టరమ్మా!" అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రీమెడికేషన్ ఇంజక్షన్ మాత్రం ఉంది. అది చేసి వచ్చేశాను.

ఆ ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మా ఊరి మనుషులకు పొట్ట కోయడమంటే ఒకే బొమ్మ కళ్లముందుకొస్తుంది. ఫాల్గుణంలో తేరు మీదికి మిరియాలు, దవనం విసిరి మొక్కుకునే ఊరు మాది. గర్భగుడిలో హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తున్న స్వామి, పక్కన ప్రహ్లాదుడు. వార్డులో ఆడవాళ్లు మా సర్జనును "నరసింహస్వామి వచ్చినాడు" అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఈ జబ్బు దగ్గర ఆ పోలిక పనికిరాదు. కోపంగా చీలిస్తే ఇక్కడ రోగి చచ్చిపోతాడు.

తిత్తిలో ఉన్నది చూడ్డానికి తేటనీరు. కానీ అందులో ఇసుక రేణువుల్లా పురుగు తలలు వేలాదిగా తేలుతుంటాయి. పొట్టలో ఒలికితే రెండు ప్రమాదాలు. ఒకటి అప్పటికప్పుడే. ఆ నీటికి ఒళ్లు తిరగబడి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మత్తు డాక్టరు అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకునే మొదలుపెడతాడు. రెండోది నిదానంగా వస్తుంది. ఒలికిన ఒక్కో తల ఒక్కో కొత్త తిత్తి కాగలదు. కొన్నేళ్ల తర్వాత పొట్ట నిండా తిత్తులతో తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. నాయన దసరాలో సప్తశతి పారాయణం చేసేవాడు. అందులో రక్తబీజుడున్నాడే, నేలమీద పడిన ప్రతి రక్తపు బొట్టునుంచీ తనలాంటివాడు ఇంకొకడు లేచేవాడు, వాడే వీడు. వాణ్ని చంపడానికి దేవతల ఆయుధాలన్నీ తోడైనా లాభం లేకపోయింది. బొట్టు నేల తాకకుండా కాళి నాలుక చాచి పట్టుకుంటే గాని వాడు చావలేదు. హైడాటిడ్ ఆపరేషన్‌లో థియేటర్ నర్సు పని సరిగ్గా ఆ నాలుక పనే.

కాలేయం కనబడగానే తిత్తి చుట్టూ ఒక్క సందు లేకుండా మాపులు సర్దుతాం. మామూలువి కావు, 20 శాతం ఉప్పునీటిలో తడిపినవి. పురుగు తలలను ఆ ఉప్పు చంపుతుంది. కొందరు సర్జన్లు బెటాడిన్ వాడతారు, కొందరు సెట్రిమైడ్. సక్షన్ గొట్టాలు రెండు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే ఒకటి పొరలతో మూసుకుపోవడం ఖాయం. సర్జన్ లావుపాటి సూది దించి కొంచెం నీరు లాగుతాడు. అప్పుడు అందరి చూపూ సిరంజి మీదే. నీరు తేటగా ఉంటే సరే. పసుపు పచ్చగా వస్తే తిత్తి లోపల ఎక్కడో పిత్తనాళం తెరుచుకుని ఉందన్నమాట. అలాంటప్పుడు పురుగును చంపే మందు లోపలికి ఎక్కించకూడదు. అది నాళాల్లోకి పోయి వాటిని గట్టిపరిచి కాలేయాన్నే పాడుచేస్తుంది. ఒకప్పుడు దీనికి ఫార్మలిన్ వాడేవాళ్లు. ఆ దెబ్బ తెలిశాక మానేశారు.

అవ్వకు నీరు తేటగానే వచ్చింది. మందు ఎక్కించి, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఆగి, పైకప్పు తెరిచారు. లోపల తెల్లటి పొర, దాని మధ్య పిల్ల తిత్తులు, ఒలిచిన తాటిముంజల్లాగా జారుతూ, వెలుతురు పడితే లోపలి నీళ్లు కనబడుతూ. చూడ్డానికి అసహ్యంగా ఉంటుందనుకుంటారు. కాదు, అందంగా ఉంటుంది. అదే నాకు భయం వేసేది. ఒక్కొక్కటీ చిట్లకుండా తీసి ట్రేలోని మందులో వేస్తారు. గుంట ఖాళీ అయ్యాక తెల్లటి మాపు అందులో పెట్టి కాసేపు ఆగుతారు. పసుపు మరక పడితే పిత్తం కారుతున్న చోటు దొరికినట్టు, అక్కడ కుట్టు వేస్తారు. చివరికి పేగుల మీద ఏప్రన్‌లా వేలాడే కొవ్వు తెరను తెచ్చి గుంటలో నింపుతారు. యజ్ఞపశువులో వప అంటారే, ఆ భాగం. ఇంటికొచ్చి చెబితే నాయన చాలాసేపు నవ్వాడు. అగ్నికి ఇచ్చే హవిస్సును మీ డాక్టరు అవ్వకే ఇచ్చినాడన్నమాట, అన్నాడు.

ఇదే ఏకైక దారి అనుకోకండి. చిన్న తిత్తి అయితే, లోపల ఒకే గది ఉంటే, కొన్ని నెలలు ఆల్బెండజోల్ మాత్రలతోనే లొంగొచ్చు. అప్పుడప్పుడూ రక్తకణాలు, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. గర్భంతో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మొదటి నెలల్లో, ఇవ్వరు. కొంచెం పెద్దదైతే స్కానింగులో చూస్తూ చర్మం మీదుగా సూది దించి, నీరు లాగి, మందు ఎక్కించి, మళ్లీ లాగేసే పద్ధతి ఉంది. 1980ల్లో వచ్చింది, పెయిర్ అంటారు. కోత ఉండదు. పిల్ల తిత్తులున్నవాటికి, పిత్తనాళంతో కలిసినవాటికి అది కుదరదు. ల్యాప్రోస్కోపీ ఇంకొకటి. కోయంబత్తూరు సర్జన్ పళనివేలు ఈ జబ్బుకోసమే ఒక ప్రత్యేకమైన గొట్టం తయారుచేశారు. తిత్తిలోకి దిగేటప్పుడే చుట్టూ కారేదాన్ని అది పీల్చేస్తుంది. ఆయనదీ కాళి నాలుకే. ఇక తిత్తి తనంతట తానే చచ్చి, ఎండి, సున్నం పట్టి ఉంటే, ఇబ్బంది పెట్టకుంటే, ఏమీ చేయరు. ఏటా స్కాన్ చేసి చూస్తారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు స్కానింగులో కనబడే రూపాన్ని బట్టి తిత్తిని అయిదు దశలుగా విడదీసింది ఈ తేడా తెలియడానికే. చచ్చినదాన్ని కోస్తామని కూర్చునేవాడికంటే వదిలేయమని చెప్పే డాక్టరుకు ఎక్కువ తెలుసని నా అభిప్రాయం.

సర్జన్ల మధ్య తెగని వాదం ఒకటుంది. తిత్తి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. దాన్ని కట్టింది పురుగు కాదు. పరాయిది లోపలికి వచ్చిందని తెలిసి మన ఒళ్లే కట్టుకున్న ప్రహరీ అది. కొందరు పురుగు పొరల్ని తీసేసి గోడను చాలావరకు వదిలేస్తారు, అవ్వకు చేసినట్టు. రోగికి ప్రమాదం తక్కువ, కానీ జబ్బు తిరగబెట్టే అవకాశం కొంచెం ఎక్కువ. కొందరు గోడతో సహా, అవసరమైతే కాలేయం ముక్కతో సహా తీసేస్తారు. తిరగబెట్టడం తక్కువ, కానీ రక్తం పోతుంది, కోత పెద్దది. ఎవరి చేతివాటం వాళ్లది. నన్నడిగితే మొదటిదే, రోగి పల్లెకు వెళ్లి మళ్లీ స్కానింగుకు వస్తుందన్న నమ్మకం ఉంటే. ఆ నమ్మకమే కష్టం.

ఇక అవ్వ ప్రశ్న. నాకు తోచింది చెప్పేముందు పెద్దలేమన్నారో చూద్దాం. చరకసంహిత విమానస్థానంలో మూడో అధ్యాయం ఉంది. గంగ ఒడ్డున అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ని అడుగుతాడు: మనుషుల ఒళ్లు వేరు, తిండి వేరు, వయసు వేరు. అయినా ఒకేసారి ఒకే రోగంతో ఊళ్లకు ఊళ్లు ఎలా నాశనమవుతాయి? ఆత్రేయుడు ఒక్కొక్కరి పూర్వజన్మ లెక్కలు తీయలేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి చెడిపోతే అలా జరుగుతుందన్నాడు. గాలి, నీరు, నేల, కాలం. అవి చెడడానికి మూలం అధర్మమన్నాడు, దానికి మూలం ప్రజ్ఞాపరాధమన్నాడు. తెలిసీ, తెలియకా చేసే తప్పు. అదే అధ్యాయంలో ఇంకో మాటుంది. ఆయుష్షంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, జాగ్రత్తలెందుకు? దైవం బలహీనమైనచోట పురుషప్రయత్నం దాన్ని గెలుస్తుందని ఆత్రేయుడు తేల్చాడు. మన వైద్యానికి మూలగ్రంథం చెప్పింది ఇది. వార్డులో స్టూలు మీద కూర్చునేవాళ్లు చెప్పేది ఇంకోటి.

బుద్ధుడైతే ఇంకా సూటిగా అన్నాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఆయన్ను అడిగాడు, మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనని కొందరంటారు, మీరేమంటారని. పిత్తంవల్ల వచ్చే బాధలున్నాయి, కఫంవల్ల, వాతంవల్ల, రుతువు మారడంవల్ల వచ్చేవి ఉన్నాయి. ఇవి లోకానికి తెలిసినవే. అంతా కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారు, అన్నాడు. ఎనిమిది కారణాలు లెక్కపెట్టి, కర్మను వాటిలో ఒకటిగా చివర పెట్టాడు. నాతో డ్యూటీ చేసిన క్రైస్తవ సిస్టరు ఒకామె ఇదంతా విని, మా యోహాను సువార్తలోనూ ఉందక్కా అంది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కారన్నాడట యేసు.

ఇంత విన్నాక కూడా ఒకటి మిగులుతుంది. నాయన అదే అడిగాడు. "సరే పాపా, కుక్క పట్టె దగ్గర పండుకునే ఇంట్లో ఆరుమంది ఉన్నారు. అందరూ దాన్ని నిమిరినోళ్లే. ఆమెకే ఎందుకొచ్చె?" పురుగు జీవితచక్రం ఎలా వచ్చిందో చెబుతుంది. ఆమెకే ఎందుకన్నదానికి యాదృచ్ఛికం, కాకతాళీయం అనడం తప్ప సైన్సు దగ్గర వేరే మాట లేదు. కర్మ అనే మాటకు చోటు మిగిలింది ఆ సందులోనే. నేను ఆ సందును మూయను. రోగి తనకు తానే "నా ప్రారబ్ధం" అనుకుని, నిబ్బరం తెచ్చుకుని, కుట్లు ఊడదీసేదాకా ఓపిక పట్టడం నేను చూశాను. ఆ నిబ్బరం మత్తుమందు పోయిన రాత్రి బాగా పనికొస్తుంది. కానీ అదే మాట పక్కవాళ్ల నోటినుంచి వస్తే రాయి. కర్మ సిద్ధాంతం ఉత్తమపురుషలో చెప్పుకోవలసింది. నా కర్మ, అంతవరకే. నీ కర్మ, ఆమె కర్మ అనే అధికారం ఏ శాస్త్రమూ ఏ చుట్టానికీ ఇవ్వలేదు. ఉత్తమపురుషకు బహువచనం కూడా ఉందని మాత్రం మనకు గుర్తుండదు. మన కర్మ. నేను ఇక మాట్లాడదలచింది దాని గురించే.

అవ్వ నల్లోడికి కార్జం పెట్టింది ప్రేమతో. ధర్మరాజు స్వర్గం వాకిట్లో నిలబడి, కుక్కను వదిలి రమ్మంటే రానన్నాడు. ఆ కథ విని పెరిగిన నేల ఇది. కాబట్టి చేసిన పని పుణ్యమే, ఉద్దేశం చూస్తే. ఫలం మాత్రం తిత్తి అయింది. గొర్రెనుంచి వచ్చిన బుడ్డలో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1850ల్లో జర్మనీలో జీబోల్డ్ అనే శాస్త్రవేత్త గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో పురుగులు పెరగడం చూపించాడు. అప్పటినుంచీ లోకానికి తెలిసిన సంగతి తలుపుల దిక్కు పల్లెకు చేరలేదంటే ప్రజ్ఞాపరాధం ఆమెది అవుతుందా? తెలిసి చెప్పని మాది. కార్జం కోసి బుడ్డలు చూసి కాలువలోకి విసిరే అంగడివాడిది, చూసీ చూడనట్టు పోయే మనది, కుక్కలకు మందు వేయించాలని తెలిసిన పశువుల ఆస్పత్రిది, కబేళాలో గోడ కట్టించని పెద్దలది. పాపం ఇంతమంది చేతుల మీదుగా నడిచి చివరికి ఒక ముసలామె పొట్టలో ఆగింది. బిల్లు ఆమె పేరున రాయడం ఏం న్యాయం?

ఐస్లాండు సంగతి విన్నప్పుడు నాకు అసూయ కలిగింది. అదీ గొర్రెల దేశమే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బు అక్కడ మనకంటే ఘోరంగా ఉండేది. 1863లో హారల్డ్ క్రాబె అనే డేనిష్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించాడు. మరుసటి ఏడు ఒక చిన్న పుస్తకం రాస్తే దాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచారు. బుడ్డలున్న అవయవాలు కుక్కలకు వేయొద్దు, పూడ్చండి లేదా కాల్చండి, కుక్కలకు మందు వేయండి. అంతకుమించి అందులో గొప్ప రహస్యమేమీ లేదు. అక్కడివాళ్లు చదువుకున్నవాళ్లు, చదివారు, చేశారు. ఇరవయ్యో శతాబ్దం సగమయ్యేసరికి ఆ దేశంలో కొత్తగా ఈ జబ్బు దాదాపుగా కనబడకుండా పోయింది. ఆపరేషన్లవల్ల కాదు. సర్జన్ ఎంతమందిని కోసినా ఆ కాలువ దగ్గర కుక్క అలాగే ఉంటే మా థియేటర్ టేబుల్ ఎప్పటికీ ఖాళీ కాదు.

అవ్వ కోలుకుంది. గుంటలో ఉంచిన గొట్టంలో నాలుగు రోజులు కొంచెం పిత్తం కారి ఆగిపోయింది. ఇంటికి పోయే రోజు ఈ పురుగు కథ మళ్లీ మొదటినుంచి చెప్పాను, మాత్రలు ఇంకొన్నాళ్లు ఆపకూడదని కూడా. అంతా విని, "అయితే ఇది నా పాపం గాదంటావు" అంది. కాదన్నాను. "ఆ మాట నాతో గాదు, మా వదినతో చెప్పు. బయట బెంచీ మీద కూసోనుంది." వెళ్లి చెప్పాను. వదినగారు ఒప్పుకోలేదు. ఉసురు ఉసురే అంది. అయితే వాళ్లింటి కుక్కకు మందు ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగింది. సిద్ధాంతం ఏదైతేనేం, నాకు అది చాలు.

కదిరి పక్క పల్లెల్లో దేవర చేస్తారు. ఊరంతా ఒకే రోజు పొట్టేళ్లు కోస్తారు. బక్రీదుకు ముస్లిం ఇళ్లలో, ఆదివారం ప్రతి అంగడి ముందూ కోత ఉంటుంది. నేను బలులు మానమని చెప్పేదాన్ని కాదు. ఎవరి మొక్కు వాళ్లది. మీరు చేయగలిగింది చిన్నదే. నీళ్ల బుడ్డలున్న కార్జం గాని ఊపిరితిత్తులు గాని కుక్క ముందు వేయకండి, నోరులేనిదని జాలిపడి కూడా. కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి, లేదా కాల్చేయండి. కుక్కకు తిండి పెట్టాలనుంటే బాగా ఉడికించి పెట్టండి. కుక్క బుడ్డ తిన్న ఆరేడు వారాలకు గాని దాని పేగుల్లో పురుగు గుడ్లు పెట్టే స్థితికి రాదు. అందుకే ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయిస్తే దారి మూసుకుపోతుంది. పశువుల డాక్టరును అడగండి. ఆకుకూర బాగా కడగండి, కుక్కను నిమిరాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. ఈసారి మీ ఊళ్లో దేవరకు చాటింపు వేయించేటప్పుడు ఈ మాట కూడా చెప్పించండి: బుడ్డల కార్జం కుక్కలకు వేయొద్దు, గొయ్యి తీసి పూడ్చండి.